ఇల్లాండ్రకు సులభవ్యాయామము: తుంటి నెత్తుట

“ఇంటిపనియే చాలినంత వ్యాయామము, వేరుగ శరీరశ్రమ యెందుకు?” అని స్త్రీలు పలువురు అనుచుందురు. ఈ మాట కొంతవరకు నిజమే. కాని నేడు పొయ్యి నిలువెత్తు అరుగు నెక్కినది; రోలును తిరుగలియు మూలబడినవి; భోజనము బల్లయొద్దకు మారినది. కార్యాలయములలో పనిచేయువారును, కుట్టుమిషను ముందు కూర్చుండువారును గంటలకొలది కుర్చీ విడువరు. నేలపై కూర్చుండి లేచుట తగ్గినకొలది పిరుదుల కండరములును, తొడల వెనుకటి కండరములును పనిలేక నీరసించును.

పిరుదులలోని పెద్దకండరము మన దేహమందలి కండరము లన్నిటిలో మిక్కిలి పెద్దది. పీటమీదినుండి లేచునపుడును, మెట్లెక్కునపుడును దేహమును నిటారుగ నిలుపునది యిదియే. తొడ వెనుకనున్న మూడు కండరములు దీనికి తోడ్పడుటయేగాక మోకాలిని మడచును. ఇవి బలహీనమైనచో వాని భారము కొంత నడుముపై బడును. చేతి కాధారము లేనిదే లేవలేని స్థితి వచ్చినగాని ఈ సంగతి చాలమందికి దెలియదు. ముట్లుడిగిన పిమ్మట స్త్రీల యెముకలు త్వరగా పలుచబడును. అట్టి వయస్సున కాళ్లలో సత్తువయు లేకున్న, జారిపడుటకును, తుంటి యెముక విరుగుటకును అవకాశము హెచ్చు.

ఇందుకు పరికరము లక్కరలేని సాధన యొకటి కలదు. యోగాభ్యాసకుల సేతుబంధాసన మిట్టిదే. వారు వంతెనవలె దేహమునెత్తి కొంతసేపు నిలుతురు; ఇందు ఎత్తుచు దించుచు పలుమారులు చేయవలయును.

చాప పరచి వెల్లకిల పరుండుడు. మోకాళ్లు మడచి, అరికాళ్లు నేల కానించి, పాదముల నడుమ జేనెడు ఎడముంచుడు. మడమలు పిరుదులకు సుమారు జేనెడు దూరమున నుండవలెను. చేతులు ప్రక్కల చాచుడు. ఊపిరి విడుచుచు, మడమలతో నేలను నొక్కి, పిరుదులు బిగించి, తుంటిని మెల్లగ పైకెత్తుడు. భుజములు, తుంటి, మోకాళ్లు ఒక్క వాలులోనికి వచ్చిన చాలును. 3 అంకెలు లెక్కించునంతసేపు నిలిచి, ఊపిరి పీల్చుచు నెమ్మదిగ దింపుడు. ఇట్లు 10 మారులు చేసిన నొక వరుస. మొదట నొక్క వరుసయే చాలును. అలవాటైన పిదప, నడుమ నిమిషము విశ్రమించి, రెండు మూడు వరుసలు చేయవచ్చును.

ఇంకను ఎత్తవలెనను ఆతురతతో నడుమును విల్లువలె వంచుట తప్పు; అందువలన శ్రమ పిరుదులకుగాక వెన్నునకు జేరును. మోకాళ్లను లోనికి వాలనీయరాదు, ఊపిరి బిగబట్టరాదు. మడమలను కొంచెము దూరముగ జరిపినచో తొడ వెనుకటి కండరములకు పని హెచ్చును. అచట కొంకులు పోయినచో మడమలను మరల దగ్గరకు దీసికొనుడు. ఇది సులువైన పిమ్మట ఒక కాలు చాచి, రెండవ కాలితోనే ఎత్తుట అభ్యసింపవచ్చును.

భోజనము చేసిన వెంటనే దీనిని చేయరాదు. గర్భిణులును, బాలింతలును, శస్త్రచికిత్స జరిగినవారును, నడుమునొప్పియో రక్తపుపోటో కలవారును వైద్యుని యడిగియే ప్రారంభింపవలయును. చేయునపుడు నొప్పి పుట్టినచో మానివేయవలెను.

పెద్దలెల్లరు వారమునకు కనీసము 2 దినములు ముఖ్యకండరములకు బలము గూర్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. 65 ఏండ్లు దాటినవారు 3 దినములైనను బలమును, నిలుకడను పెంచు సాధన చేయవలెనని యందే కలదు. కావున ఇది పడుచువారికి మాత్రమే తగినదని తలపరాదు. తల్లిని లేవదీయుటకు చేయందించు కుమార్తెలు, తమ చాపప్రక్కనే ఆమెకును ఒక చాప పరతురుగాక!