బొబ్బిలి-సాలూరు రైలుబస్సు ఎందుకు ఆగింది? వందేళ్ల లైను వెనుక అసలు కథ ఇదీ..

ఒకే ఒక్క పెట్టె. చూడ్డానికి బస్సులా ఉంటుంది, పరిగెత్తేది మాత్రం పట్టాల మీద. అదే బొబ్బిలి-సాలూరు రైలుబస్సు. 2020లో కరోనా లాక్‌డౌన్‌తో అది ఆగిపోయింది. ఆంక్షలు ఎత్తేశాక దేశంలో చాలా రైళ్లు పట్టాలెక్కినా, దీనికి మాత్రం పిలుపు రాలేదు. ఎందుకిలా జరిగింది?

1913లోనే రైలు

విజయనగరం-పార్వతీపురం లైను 1908-09లో మొదలైంది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ లైను వేశారు. దూరం దాదాపు 18 కిలోమీటర్లే. తూర్పు కనుమల అంచున ఉన్న సాలూరుకు అప్పట్లో అది పెద్ద వరమే.

కొండెక్కని పట్టాలు

అయితే 1931లో పూర్తయిన రాయపూర్ లైను పార్వతీపురం, రాయగడ మీదుగా వెళ్లిపోయింది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అరకు మీదుగా కొండెక్కింది. రెండింటి మధ్యా సాలూరు చివరి స్టేషన్‌గానే మిగిలింది. అవతలికి దారి లేని లైనుకు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

రోడ్డుతో పోటీ

మరోవైపు జాతీయ రహదారి సాలూరు మీదుగానే ఘాట్ ఎక్కి ఒడిశాలోని కోరాపుట్‌కు చేరుతుంది. అందుకే సాలూరు లారీల ఊరిగా పేరు తెచ్చుకుంది. విజయనగరం వెళ్లాలంటే బస్సు రామభద్రపురం మీదుగా నేరుగా తీసుకెళ్తుంది. రైలులో అయితే ముందు బొబ్బిలి వెళ్లాలి, అక్కడ దిగాలి, ఇంకో రైలు కోసం ఎదురుచూడాలి. జనం బస్సెక్కేశారు. జనం తగ్గిన లైన్లలో తక్కువ ఖర్చుతో నడపడానికే రైలుబస్సులు వచ్చాయి. యూపీలోని మథుర-బృందావన్ మధ్య నడిచిందీ ఇలాంటిదే.

నష్టం ఎవరికి?

పాచిపెంట, మక్కువ మండలాల ఆదివాసీలకు సంతకైనా, ఆస్పత్రికైనా సాలూరే దిక్కు. అక్కడి నుంచి విజయనగరమో, విశాఖో వెళ్లాలంటే ఛార్జీలు భారమే. రైలు టికెట్ చవక. కూలి డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లకు ఆ తేడా చిన్నది కాదు.

మళ్లీ రైలు నిలబడాలంటే?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. రైలుబస్సు ఆగినా పట్టాలు పీకేయలేదు. పైగా లైనును విద్యుదీకరించారు. అంటే డీజిల్ రైలుబస్సే దిక్కు అనే పరిస్థితి పోయింది.

పొరుగునే ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపూర్ వెళ్లే చిన్న రైలును 2004లో ఆపేశారు. లైనును బ్రాడ్‌గేజ్‌గా మార్చాక 2011లో గుణుపూర్‌కు మళ్లీ రైలొచ్చింది. ఆ తర్వాత విశాఖకు నేరుగా ప్యాసింజర్ కూడా నడిచింది.

సాలూరుకూ కావాల్సింది అదే. బొబ్బిలి దాకా వెళ్లి ఆగిపోయే బండి కాదు.. విజయనగరం, విశాఖలకు నేరుగా వెళ్లే రైలు. లేదంటే 1931 నాటి సమస్యే మళ్లీ మొదటికొస్తుంది.