లంబసింగి చీకటిని చదివే యంత్రం

డిసెంబరు, జనవరి నెలల్లో చలికి పేరుపడ్డ కొండ ఊరు లంబసింగికి వచ్చినవాళ్లు తెల్లవారకముందే చెరువులవేనం కొండ ఎక్కుతారు. పొద్దు పొడిచేదాకా కంటికి ఏమీ ఆనదు. నిజానికి ఆ చీకట్లోనూ కొండలు, పొలాలు, ఇళ్ల కప్పులు వెలుగుతూనే ఉంటాయి. మన కన్ను ఊదా నుంచి ఎరుపు దాకా, అంటే సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల తరంగాలనే పట్టగలదు. 5 డిగ్రీల చలిలో ఉన్న నేల వెలువరించే పరారుణ కాంతి 10 మైక్రాన్ల దగ్గర బలంగా ఉంటుంది. మబ్బు లేని రాత్రి అది నేరుగా అంతరిక్షంలోకి పోతుంది, నేల చల్లబడుతుంది. లంబసింగి చలికి ఎత్తుతో పాటు ఇదీ ఒక కారణం.

పరారుణ కాంతిని మొదట పట్టింది మామూలు థర్మామీటరు. 1800లో విలియం హెర్షెల్ ఇంగ్లండులో ఎండను ప్రిజం గుండా పంపి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు దాటాక, ఏ రంగూ లేని చోట వేడి ఇంకా పెరిగింది. అంత తక్కువ సామగ్రితో అంత పెద్ద సత్యం బయటపడిన ప్రయోగాలు అరుదు.

అదే పరారుణ కాంతిని ఇప్పుడు ఉపగ్రహాలు చదువుతున్నాయి. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం మన దేశం మీద పరారుణ కన్ను తెరిచింది. దాని చిత్రంలో ఒక్కో చుక్క 11 కిలోమీటర్లు. 2013 నాటి ఇన్సాట్-3డిలో అది 4 కిలోమీటర్లకు దిగింది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి ఆ వరుసలోని ఇన్సాట్-3డిఎస్ వెళ్లింది.

రాత్రిపూట ఈ ఉపగ్రహం పొగమంచును పసిగట్టే తీరు అద్భుతం. మంచు పైభాగం, పక్కనున్న నేల దాదాపు ఒకే చలిలో ఉంటాయి కాబట్టి 10.8 మైక్రాన్ల దగ్గర రెండూ ఒకేలా కనిపిస్తాయి. 3.9 మైక్రాన్ల దగ్గర మాత్రం సన్నటి నీటి బిందువులు అంతగా వెలగవు. మంచు అసలు ఉన్నదానికన్నా చల్లగా తోస్తుంది. రెండు కొలతల తేడా తీస్తే మంచు పరుచుకున్న మేర తెలిసిపోతుంది. పొద్దెక్కాక ఈ లెక్క చెల్లదు, 3.9 దగ్గర ఎండ కూడా వచ్చి కలుస్తుంది.

అయినా 4 కిలోమీటర్ల చుక్కలో ఊరు, కొండ, లోయ కలిసి ఒకే అంకె అవుతాయి. మంచు కప్పిననాడు ఉపగ్రహానికి అందేది మంచు పైభాగపు చలి, కింద లంబసింగి రైతు స్ట్రాబెర్రీ మడిలోది కాదు. రైతుకు కావలసింది మడిలోని చలి. అందుకు నేల మీది థర్మామీటరే దిక్కు, చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదయ్యే అంకెలకు విలువ అందుకే. ఇన్సాట్ చిత్రాలను ఇస్రో మోస్‌డాక్ వెబ్‌సైట్‌లో అందరికీ చూపిస్తోంది. లంబసింగికి బయల్దేరే ముందు రాత్రి ఒకసారి తెరిచి చూడండి.