కోపం వస్తే డిప్పలోకి

చిన్న పిల్లలకు కోపాన్ని పట్టుకోవడం నేర్పే పాఠాల్లో బాగా పేరున్నది తాబేలు కథ. బడిలో ఎవరైనా పెన్సిల్ లాక్కుంటే ఆ బుజ్జి తాబేలు వెంటనే చెయ్యెత్తుతుంది, ఆనక ఏడుస్తుంది. "నీ డిప్ప నీ వీపు మీదే ఉందిగా, అందులోకి దూరు" అంటుంది ముసలి తాబేలు. కథయ్యాక పిల్లలు చేతులు గుండెల మీద కట్టుకుని, తల దించుకుని, నెమ్మదిగా ఊపిరి తీసి వదులుతారు. ఆ తర్వాతే జరిగిందేమిటో, తమకెలా ఉందో చెప్పాలి.

అమెరికాలో ఈ కథను చేర్చుకున్న పాఠ్యక్రమాల్లో 'పాత్స్' ఒకటి. 1980లలో మార్క్ గ్రీన్‌బర్గ్, కరోల్ కుషే దాన్ని మొదట రూపొందించింది వినికిడి లేని పిల్లల కోసం. మనసులో ఉన్నదానికి మాట దొరక్కపోతే అది చేతల్లో బయటపడుతుందన్నది వాళ్ల ఆలోచన. అందుకే అందులో భావాలకు పేర్లు పెట్టడమే పెద్ద పాఠం. తెలుగు బడిలో ఈ పాఠానికి సరుకు వెతుక్కోనక్కర్లేదు. అలక వేరు, ఉక్రోషం వేరు, బెంగ వేరు, బిడియం వేరు. అన్నిటినీ 'కోపం' అనో 'ఏడుపు' అనో తేల్చేస్తే, అమ్మ మీద బెంగతో ముడుచుకు కూర్చున్న పిల్ల మొండిదనిపించుకుంటుంది.

1994లో అమెరికాలో 'కాసెల్' సంస్థ ఏర్పడ్డాక ఈ బోధనకు 'సోషల్ ఎమోషనల్ లెర్నింగ్' అనే పేరు స్థిరపడింది. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018 జులైలో 'హ్యాపీనెస్ కరికులం' మొదలైంది. నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ధ్యానం, కథలు, ఆటలతో సాగిన పీరియడ్ అది. పరీక్షలుండేవి కావు.

ఫలితం ఉందా? 2011లో వెలువడిన ఒక సమీక్ష ఇలాంటి 213 కార్యక్రమాలను, సుమారు 2,70,000 మంది విద్యార్థులను పరిశీలించింది. పిల్లల ప్రవర్తన మెరుగుపడడమే కాదు, చదువులోనూ 11 పర్సంటైల్ పాయింట్ల తేడా కనిపించింది. అంటే వంద మంది వరసలో మధ్యలో ఉండే పిల్లవాడు పదకొండు మెట్లు పైకెక్కినట్టు. అలాగని ఏది నేర్పినా పనిచేస్తుందని కాదు. పదకొండేళ్లు దాటిన పిల్లలకు ధ్యానం నేర్పిన బ్రిటన్ బడుల్లో, మామూలుగా నడిచే భావోద్వేగ పాఠాలకంటే అదనపు మేలేమీ కనబడలేదని 2022లో తేలింది.

పీరియడ్ పెట్టడం తేలిక. గొడవ మధ్యలో తాబేలు గుర్తుకురావడం కష్టం. అందుకే ఆ సాధన పిల్లలు ప్రశాంతంగా ఉన్నప్పుడే, పదే పదే చేయించాలి. టీచరు కూడా పిల్లల ఎదుట చేసి చూపాలి. సుద్దముక్క విసరబోయి ఆగి, చేతులు కట్టుకుని, "నాకిప్పుడు చిరాగ్గా ఉంది, కాసేపు డిప్పలో ఉంటాను" అనాలి.