థియొబాల్డ్ స్మిత్ - టెక్సాస్ పశుజ్వర పరిశోధన

థియొబాల్డ్ స్మిత్ (జూలై 31, 1859 - డిసెంబరు 10, 1934) అమెరికాకు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త. పశువులకు సోకే టెక్సాస్ జ్వరం పిడుదుల (గోమార్ల) ద్వారా వ్యాపిస్తుందని ఇతడు సహచరులతో కలిసి నిరూపించి, 1893లో ఆ ఫలితాలను ప్రకటించాడు. రక్తం పీల్చే జీవి ఒకటి ఏకకణ పరాన్నజీవిని ఒక జంతువు నుండి మరొక జంతువుకు చేరవేస్తుందని ప్రయోగపూర్వకంగా చూపిన తొలి పరిశోధన ఇదే. సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది దీనికి నాలుగు సంవత్సరాల తరువాత, 1897 ఆగస్టు 20న.

వ్యాధి - ఒక చిక్కు ప్రశ్న

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసిన తరువాత టెక్సాస్ పశువులను మందలు మందలుగా ఉత్తరాదికి తోలుకొని వెళ్ళేవారు. ఆ పశువులు చూడటానికి ఆరోగ్యంగానే ఉండేవి. కాని అవి మేసిన బీళ్ళలో మేసిన ఉత్తరాది పశువులు తీవ్రమైన జ్వరంతో, మూత్రం ఎర్రబడి, రక్తహీనతతో చనిపోయేవి. 1868లో ఇల్లినాయ్, ఇండియానా ప్రాంతాలలో వేలాది పశువులు ఇలా నశించాయి. విచిత్రమేమంటే, దక్షిణాది మంద వచ్చిన వెంటనే వ్యాధి కనిపించేది కాదు. కొన్ని వారాలు గడిచిన తరువాతనే కనిపించేది. అప్పటికి ఆ మంద వెళ్ళిపోయినా సరే, బీడు మాత్రం ప్రమాదకరంగానే ఉండేది. చలికాలపు మంచు పడగానే వ్యాధి ఆగిపోయేది.

దీనికి పిడుదులే కారణమని పశువుల కాపరులు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు. చదువుకున్న వారిలో అధికులు ఆ మాటను కొట్టిపారేశారు. దానిని పరీక్షించి చూడటమే స్మిత్ బృందం గొప్పతనం.

ప్రయోగాలు

అమెరికా వ్యవసాయ శాఖలోని పశు పరిశ్రమ విభాగంలో స్మిత్ పనిచేసేవాడు. వాషింగ్టన్ సమీపంలోని ప్రయోగక్షేత్రాన్ని పశువైద్యుడు ఫ్రెడ్ కిల్బోర్న్ నిర్వహించేవాడు. 1889 వేసవిలో ఉత్తర కరోలినా నుండి ఏడు పశువులను అక్కడికి తెప్పించారు. ఒక పొలంలో పిడుదులతో ఉన్న దక్షిణాది పశువులను ఉత్తరాది పశువులతో కలిపి ఉంచారు. మరొక పొలంలో దక్షిణాది పశువుల ఒంటి మీది పిడుదులను చేతితో ఒక్కొక్కటిగా ఏరివేసి, ఆ తరువాతనే ఉత్తరాది పశువులను కలిపారు. మొదటి పొలంలో వ్యాధి వచ్చింది, రెండవదానిలో రాలేదు. ఇంకొక పొలంలో దక్షిణాది పశువు ఒక్కటి కూడా లేకుండా, కేవలం పిడుదులను గడ్డిలో చల్లారు. అక్కడ కూడా ఉత్తరాది పశువులు జబ్బుపడ్డాయి.

స్మిత్ సూక్ష్మదర్శినిలో పరిశీలించగా జబ్బుపడిన పశువుల ఎర్ర రక్తకణాలలో బేరిపండు ఆకారం గల సూక్ష్మజీవులు జంటలుగా కనిపించాయి. నేడు దీనిని బబీసియా బైజెమినా అంటారు.

అయితే ఒక సందేహం మిగిలింది. కూపర్ కర్టిస్ అధ్యయనం ప్రకారం ఈ జాతి పిడుదు పిల్ల దశ నుండి పెద్దదయ్యే వరకు ఒకే పశువును పట్టుకొని ఉంటుంది. అలాంటప్పుడు మరొక పశువుకు వ్యాధి ఎలా అంటుతుంది? ప్రయోగశాలలో గుడ్ల నుండి పొదిగిన పిల్లలను ఆరోగ్యంగా ఉన్న పశువుపై వదిలినప్పుడు సమాధానం దొరికింది. ఆ పిల్లలు అంతకుముందు ఏ పశువు రక్తమూ రుచి చూడలేదు, అయినా జ్వరం వచ్చింది. అంటే వ్యాధిబీజం తల్లి పిడుదు నుండి గుడ్ల ద్వారా సంతానానికి చేరుతున్నది. రక్తం తాగిన ఆడ పిడుదు నేల రాలి, వేలాది గుడ్లు పెట్టి, అవి పొదగడానికి పట్టే కాలమే పూర్వం అందరినీ తికమకపెట్టిన ఆ కొన్ని వారాల ఆలస్యం.

దక్షిణాది పశువులు దూడ వయసులోనే స్వల్పంగా వ్యాధికి గురై నిరోధకశక్తి పొందుతాయి కనుక ఆరోగ్యంగా కనిపిస్తూనే వ్యాధిబీజాన్ని మోస్తుంటాయి.

ఈ కీర్తిలో ఎక్కువ భాగం స్మిత్‌కే దక్కింది. కిల్బోర్న్, కర్టిస్‌ల పాత్ర కూడా తక్కువది కాదు.

నిర్మూలన

వ్యాధికి మందు కోసం వెతకకుండా పిడుదునే తొలగిస్తే చాలునని దీనివలన తేలింది. 1906లో మొదలైన నిర్మూలన కార్యక్రమంలో ఆర్సెనిక్ ద్రావణం నింపిన తొట్లలో పశువులను రెండు వారాలకొకసారి ఈదించి ముంచేవారు. పిడుదు పశువుపై సుమారు మూడు వారాలు ఉంటుంది కనుక, అది గుడ్లు పెట్టేలోపే చచ్చేందుకు ఈ ఏర్పాటు. ఖర్చు, శ్రమ భరించలేని దక్షిణాది చిన్న రైతులు తీవ్రంగా వ్యతిరేకించారు. కొన్నిచోట్ల తొట్లను డైనమైటుతో పేల్చివేశారు. 1943 నాటికి మెక్సికో సరిహద్దు వెంట ఒక నిర్బంధ ప్రాంతం తప్ప దేశమంతటా ఈ పిడుదును నిర్మూలించారు. ఆ సరిహద్దులో గుర్రాలపై తిరిగే తనిఖీదారులు నేటికీ కాపలా కాస్తున్నారు. పాత తొట్లున్న చోట్ల మట్టిలో ఆర్సెనిక్ ఇంకా మిగిలి ఉండటం మరొక సమస్య.

భారతదేశంలో

మన దేశంలో బబీసియాతో పాటు థైలీరియా అనే మరొక పరాన్నజీవిని కూడా పిడుదులు వ్యాపింపజేస్తాయి. నాటు పశువులు దీనిని చాలావరకు తట్టుకుంటాయి. సంకరజాతి ఆవులు మాత్రం ఎక్కువగా బలవుతాయి. థైలీరియాకు రక్షావాక్-టి అనే టీకాను హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసింది. ఒకే మందును పదే పదే వాడటం వలన పిడుదులు దానికి లొంగకుండా పోవడం పలు ప్రాంతాలలో గమనించారు.