రాణి బొమ్మ కింద ఊరి పేరెందుకు?

1703 నాటి కొన్ని ఇంగ్లండ్ వెండి నాణేల మీద ఆన్ రాణి బొమ్మ కింద ‘విగో’ అని ఉంటుంది. విగో స్పెయిన్‌లోని రేవు కదా, ఆ పేరు ఇక్కడికెలా వచ్చింది?

1702 అక్టోబరులో ఇంగ్లిష్, డచ్ నౌకలు అక్కడ స్పెయిన్ నిధి ఓడలపై దాడి చేసి గెలిచాయి. చాలా వెండిని స్పెయిన్‌వాళ్లు అప్పటికే ఒడ్డుకు చేర్చేశారు. దొరికిన వెండి లండన్ టంకశాలకు వెళ్లింది. అక్కడి పెద్ద ఎవరో తెలుసా? ఐజాక్ న్యూటన్!

పెళ్లిలో ఇచ్చే స్టీలు గిన్నె మీద పేరు చెక్కిస్తారు చూడండి, అలాగే ఆ గెలుపు గుర్తుండాలని రాణి ఈ పేరు వేయించింది. ఉక్కు అచ్చులో అక్షరాలను తిరగేసి, లోతుగా చెక్కేవారు. రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి, మర తిప్పి బలంగా నొక్కితే అక్షరాలు సరిగ్గా పైకి తేలేవి.

1745, 1746 నాటి కొన్ని వెండి నాణేల మీద ‘లిమా’ అని ఉంది. అదీ పట్టుకున్న ఓడల వెండే. లిమా ఎక్కడుందో ప్రపంచ పటంలో వెతకండి.