వలసయు వ్యాధియు

మనుష్యుడు పుట్టిన యూరు విడిచి పరదేశమునకు బోవునపుడు తన భాషను, తన వంటను, తన ప్రార్థనను వెంట గొనిపోవును. తన దేహమునకు రాదగిన వ్యాధులనుగూడ వెంట గొనిపోవునా? లేక చేరిన దేశపు వ్యాధులకు పాలగునా? ఈ ప్రశ్న మన విశాఖపట్టణ ప్రాంతమువారికి పరాయిది కాదు. 1834 తరువాత మారిషసు దీవికిని, 1860 మొదలు 1911 వఱకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, ఇంకను రంగూనునకును తెలుగు కూలీలు వేలకొలదిగా నోడలెక్కిరి. నేడు మన బిడ్డలు చదువుకొఱకును ఉద్యోగముకొఱకును ఇంగ్లండునకు, అమెరికాకు విమానములలో బోవుచున్నారు. కావున నొక వ్యాధిని దృష్టాంతముగా గైకొని యీ సంగతిని విశదపఱుప దలచితిమి.

ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. విద్యుత్తు తీగచుట్టు రబ్బరు తొడుగు ఉన్నట్లే మెదడులోను వెన్నుపాములోను నరపు పోగులచుట్టు క్రొవ్వుతో గూడిన మెత్తని పొర యుండును. దేహమును రోగక్రిములనుండి కాపాడవలసిన రక్షకశక్తియే దారి తప్పి యీ పొరను దినివేయుటచే నీ వ్యాధి కలుగుచున్నది. పొర చెడినచోట వార్త సరిగా నడువదు. ఒక కన్ను మసకబాఱుట, కాలు చేయి తిమ్మిరెక్కుట, నడక తూలుట, కారణము లేని బడలిక దీని లక్షణములు. సాధారణముగా 20 మొదలు 40 ఏండ్ల వయస్సున నారంభమగును. పురుషులకంటె స్త్రీలకు రెండింతలకు మించి వచ్చును. 1868లో పారిసు నగరమున షార్కో యను వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. ఇది యంటువ్యాధి కాదు.

ఈ వ్యాధి లోకమంతట సమానముగా బరవి యుండలేదు. భూమధ్యరేఖకు దూరమైన చలిదేశములలో నెక్కువ; ఉష్ణదేశములలో దక్కువ. స్కాట్లండునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ దీవులలో లక్షకు రమారమి 400 మంది రోగులు లెక్కకు వచ్చిరి. మన దేశమున మంగుళూరు పట్టణమున జేసి 2014లో ప్రకటించిన లెక్కలో లక్షకు 8 మంది మాత్రమే. ఈ భేదము దేశమువలన గలిగినదా, వంశమువలన గలిగినదా? దీనిని దెలిసికొనుటకు వలసపోయినవారికంటె మంచి సాక్షులు లేరు. ఏలయన వారి వంశము మాఱదు, వారి దేశము మాఱును.

ఈ సాక్ష్యమును శ్రద్ధతో సేకరించినవారిలో జాఫ్రీ డీన్ అను వైద్యుడు ముఖ్యుడు. ఆయన దక్షిణాఫ్రికాలోని తెల్లవారిని పరిశీలించి, ఐరోపానుండి వలసవచ్చినవారిలో నీ వ్యాధి, అక్కడనే పుట్టిన తెల్లవారిలోకంటె బెక్కు రెట్లు హెచ్చుగా నున్నదని 1967లో ప్రకటించెను. తరువాత కర్ట్‌జ్కీ యను వైద్యునితో గలిసి వలసవచ్చిన వయస్సును విచారించెను. పదునైదేండ్లు నిండకముందే వచ్చినవారికి క్రొత్త దేశపు స్వల్పప్రమాదమే యుండెననియు, పెద్దవారై వచ్చినవారు పాత దేశపు ప్రమాదమును వెంటదెచ్చికొనిరనియు 1971లో వ్రాసిరి. అయితే పదునైదవ యేడు కోటతలుపువలె మూతపడునది కాదు. ఆస్ట్రేలియాకు వలసవచ్చిన ఆంగ్లేయులను పరిశీలించి 2000లో ప్రకటించిన వ్యాసము, దేశప్రభావము పదునైదేండ్లతో నాగక తరువాతగూడ గొంతకాలము పనిచేయునని చూపెను.

ఇక మనవారి సంగతి. భారతదేశము మొదలైన చోట్లనుండి పెద్దవారై ఇంగ్లండు చేరినవారిలో నీ వ్యాధి మిక్కిలి యరుదుగా నుండెను. కాని వారికి ఇంగ్లండుననే పుట్టిన బిడ్డలలో ఇది ఆంగ్లేయులలో నెంతయో రమారమి యంతయే యున్నదని డీనును, ఆయన సహచరులును 1990లో ప్రకటించిరి. పదునైదేండ్లలోపున ఇంగ్లండు చేరిన మన ఖండపు పిల్లలకు, తరువాత చేరినవారికంటె బ్రమాదము హెచ్చని 1997లో మఱల వ్రాసిరి. తల్లిదండ్రుల రక్తమే బిడ్డలలో బ్రవహించుచున్నది. ఒక్క తరములోనే ఫలము మాఱినది. కావున వంశమొక్కటియే కారణము కాదు.

అట్లని దేశమొక్కటియే కారణమనరాదు. నేటాలునకు బోయిన కూలీలలో తెలుగువారు మెండుగా నుండిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. ఆ రాష్ట్రపు లెక్క 2007లో వెలువడెను. లక్షమంది తెల్లవారిలో రమారమి 25 మందికిని, లక్షమంది భారతీయులలో 7, 8 మందికిని ఈ వ్యాధి యున్నట్లు తేలెను. ఒకే యెండ, ఒకే గాలి. అయినను ఫలము వేఱు. లండను కథయు నేటాలు కథయు గలిపి చదివినచో సత్యము బోధపడును. విత్తనమును భూమియు రెండును గలిసినగాని మొలక రాదు.

భూమిలో నున్న దోషమేమి? ఒకటి, ఎండ తక్కువయగుట. ఎండవలన జర్మమున దయారగు విటమిను డి కొఱవడినవారిలో నీ వ్యాధి హెచ్చుగా గానవచ్చినది. రెండవది, ఎప్‌స్టయిన్-బార్ అను వైరసు. కోటిమందికి పైగా అమెరికా సైనికులను పరిశీలించి, ఈ వైరసు సోకినవారికి వ్యాధి వచ్చు ప్రమాదము 32 రెట్లు పెరుగునని 2022లో ప్రకటించిరి. అయితే ఇది లోకమున నూటికి 90 మందికి పైగా సోకియే యున్నది. మన వంటి దేశములలో బసితనముననే సోకి తెలియకుండ బోవును. సంపన్నదేశములలో బెక్కుమందికి యౌవనమున సోకి, గొంతునొప్పితోను గడ్డలవాపుతోను జ్వరము దెచ్చును. ఆ జ్వరము వచ్చినవారికి ప్రమాదము హెచ్చు. పొగత్రాగుటయు, బాల్యమున నతిస్థూలతయు మఱి రెండు కారణములు. ఈ రెండును మన చేతిలో నున్నవి.

ఇందువలన బరదేశమునకు బిడ్డలను బంపుటకు భయపడవలదు. బ్రిటనులో నేటి లెక్కలో లక్షకు రమారమి 200 మంది రోగులు. తక్కిన 99,800 మంది యీ వ్యాధి నెఱుగరు. ఎఱుగవలసిన సంగతి వేఱొకటి కలదు. మన యూళ్లలో నిది యరుదే గాని లేకపోలేదు. రోలుగుంటలోనైనను, చోడవరములోనైనను, యౌవనమందున్న కొడుకునకో కూతునకో ఒక కన్ను నొప్పితో మసకబాఱి, కొన్ని వారములలో దానంతట నదియే బాగుపడినచో, పోయినదిగదా యని యూరకుండరాదు. ఈ వ్యాధి వచ్చి, తగ్గి, మఱల వచ్చు స్వభావము గలది. వెంటనే విశాఖపట్టణమున 1923లో స్థాపింపబడిన కింగు జార్జి ఆసుపత్రి వంటి పెద్ద వైద్యశాలలో నరముల వైద్యునికి జూపవలెను. దీనిని బొత్తిగా మాన్పు మందు లేదు. కాని 1993 మొదలు దాడులను దగ్గించు మందులు వచ్చినవి. ఎంత ముందుగా నారంభించిన నంత మేలు.

ఇట్టి రోగము వచ్చినపుడు దిష్టి తగిలెననియు, గాలి సోకెననియు, పెద్దల పాపమనియు జెప్పువారు మన పల్లెలలో గలరు. కోడలికి వచ్చినచో బుట్టింటివారు దాచిపెట్టిరని నిందింతురు. పుట్టుగ్రుడ్డివానిని జూచి, ఇది యెవరి పాపమని శిష్యులడిగినపుడు మన ప్రభువు ఆ నిందను ద్రోసివేసి వానిని స్వస్థపఱచెను. వైద్యశాస్త్రమును మనకు నేడు అదియే నేర్పుచున్నది. ఈ వ్యాధి యొకరి తప్పుచే వచ్చునది కాదు. ఏ తల్లియు దన బిడ్డకు దలపెట్టినది కాదు. ప్రియ విద్యార్థులారా, మీరేదేశమునకు బోయినను, ఇచ్చటనే యున్నను, రోగిని జూచినపుడు కారణమును విచారింపుడు. నిందను మాత్రము వెదకకుడు.