సముద్రం దాటిన బాకీ

అప్పిచ్చినవాడు బాకీదారుని దారిలో పట్టుకొని, వాని చుట్టూ నేలమీద ఒక గీత గీసేవాడట. బాకీ తీర్చేవరకు, లేదా తగిన పూచీ చూపేవరకు, ఆ గీత దాటరాదు. దాటినవానికి మరణదండన. పదమూడవ శతాబ్ది చివరలో మన తూర్పు తీరానికి వచ్చి, మోటుపల్లి రాజ్యాన్ని గూర్చి కూడ వ్రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో, దక్షిణాన పాండ్యుల సీమలో ఈ ఆచారాన్ని కన్నులారా చూచినానని చెప్పినాడు. ఒక పరదేశి వర్తకునికి సొమ్ము ఇవ్వక జాప్యం చేస్తున్న రాజునే ఆ వర్తకుడు గుఱ్ఱంతో సహా గీతలో నిలబెట్టినాడనీ, బాకీ తీరిన తరువాతనే రాజు అక్కడినుండి కదిలినాడనీ ఆయన కథనం.

గీత గీయడానికి మనిషి ఎదుట ఉండవలె. ఆ మనిషి సముద్రం దాటి పోయినప్పుడు ఆ పని ఈనాడు టెలిఫోను చేస్తున్నది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుండి, కడప జిల్లా నుండి, గోదావరి జిల్లాల నుండి దశాబ్దుల తరబడి ఎందరో గల్ఫు దేశాలకు పోతున్నారు. పోయేటప్పుడు చేసిన అప్పు సంగతి ఊరందరికి తెలిసినదే. ఏజెంటుకు కట్టిన సొమ్ముకు ఊరివడ్డీ పెరిగి పొలం పోగొట్టుకొన్నవారిని గూర్చి కథలు వచ్చినవి, పాటలు వచ్చినవి. తిరిగివచ్చేటప్పుడు వెంట వచ్చే అప్పును గూర్చి మాత్రం మాట్లాడేవారు తక్కువ. అందులో పరువు ఇమిడి ఉన్నది గదా!

సాధారణంగా జరిగేది ఇది. దుబాయిలోనో షార్జాలోనో ఉద్యోగం చేసే యువకుడు జీతం పడే బ్యాంకులోనే ఒక క్రెడిట్ కార్డు తీసుకొంటాడు. కంపెనీ మూతపడుతుంది, లేదా వీసా రద్దవుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు అతడు బ్యాంకుకు పోయి, కిటికీలోని గుమాస్తా చెప్పిన మొత్తం కట్టి, కార్డు కత్తిరించి ఇచ్చి విమానం ఎక్కుతాడు. బాకీ లేదని క్లియరెన్స్ లెటరు అడగడు. అడిగినా కొద్ది రోజులు ఆగి రమ్మంటారు, టికెట్టు మరునాటికే ఉంటుంది. ఆ నెల లెక్కలో చేరని చిల్లర ఖర్చో, కార్డు వార్షిక రుసుమో ఖాతాలో మిగిలిపోతుంది. దానిమీద ఆలస్యపు రుసుము, వడ్డీ, వడ్డీమీద వడ్డీ. మూడేండ్ల తరువాత ఇంట్లో ఫోను మ్రోగేనాటికి ఆ చిల్లర మొత్తం లక్షలలోకి వచ్చి ఉంటుంది. బ్యాంకు దృష్టిలో అది బాకీ. ఇతని దృష్టిలో తీరిపోయిన ఖాతా. ఇద్దరిలో ఎవరిమాట నిజమో తేల్చే కాగితం ఒక్కటే. అదే అతని పెట్టెలో లేదు.

ఉద్దేశపూర్వకంగా ఎగవేసి వచ్చినవారు లేరని కాదు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత కార్లను దుబాయి విమానాశ్రయంలో వదలి దేశం విడిచిన విదేశీయులను గూర్చి ప్రపంచ పత్రికలన్నీ వ్రాసినవి. ఎన్ని కార్లన్న విషయంలో మాత్రం ఒక పత్రికకు ఒక పత్రికకు పొంతన లేదు. అట్టివారి సంగతి వేరు. లెక్క ఒప్పుకోని బాకీ సంగతి వేరు. వసూలు చేసే ఏజెంటు ఈ రెండింటికి భేదం చూడడు, చూడవలసిన అవసరం అతనికి లేదు. వసూలైన దానిలో వాటా అతని జీవనాధారం.

అందుచేతనే అతని భాష అలా ఉంటుంది. పోలీసులు బయలుదేరినారని, ఇంటర్‌పోల్ నోటీసు వచ్చినదని, పాస్‌పోర్టు రద్దవుతుందని చెబుతాడు. ఇంటర్‌పోల్ నియమావళి ప్రైవేటు తగాదాలకు రెడ్ నోటీసు ఇవ్వరాదంటుంది. అయినా ఈ బెదిరింపులకు వెనుక ఒకప్పుడు కొంత నిజం లేకపోలేదు. యు.ఏ.ఇ. బ్యాంకులు అప్పు ఇచ్చేటప్పుడు సంతకం చేసిన చెక్కును హామీగా పుచ్చుకొనేవి. అది చెల్లకపోతే అక్కడి చట్టం ప్రకారం నేరం. సెలవుపై వచ్చి తిరిగిపోయిన కార్మికుడు ఆ దేశపు విమానాశ్రయంలోనే పట్టుబడినాడన్న వార్తలు ఆనాటివి. 2022 జనవరి 2 నుండి అక్కడి చట్టం మారినది. ఖాతాలో సొమ్ము లేక తిరిగివచ్చిన చెక్కు చాలవరకు సివిలు వ్యవహారమైనది. మోసం, ఫోర్జరీ వంటివి ఉంటేనే నేరం. చట్టం మారినా ఏజెంటు పాఠం మారలేదు.

ఒక దేశం విడిచివచ్చినవానిపై ఆ దేశపు కోర్టు తీర్పుకు ఎంత బలం ఉన్నదన్న ప్రశ్న క్రొత్తది కాదు. అది గల్ఫులో పుట్టలేదు, పంజాబులో పుట్టినది. ఫరీద్‌కోట సంస్థానంలో గురుదయాళ్ సింగ్ అనే సర్దారు అయిదేండ్లు కోశాధికారిగా ఉండి, 1874లో కొలువు మాని వెళ్ళిపోయినాడు. ఆయన నివాసం జీందు అనే వేరొక సంస్థానం. 1879లో ఫరీద్‌కోట రాజుగారు తమకు సర్దారు సొమ్ము బాకీ ఉన్నాడంటూ తమ సంస్థానపు కోర్టులోనే దావాలు వేయించినారు. సర్దారు హాజరు కాలేదు. రాజుగారి కోర్టులో రాజుగారికే ఎక్స్‌పార్టీ డిక్రీలు వచ్చినవి. వాటిని పట్టుకొని ఆయన లాహోరులోని బ్రిటిషు కోర్టుకు ఎక్కినారు. వ్యాజ్యం మెట్లు ఎక్కుతూ, దిగుతూ, లండనులోని ప్రీవీ కౌన్సిలుకు చేరి 1894లో తీరినది. లార్డ్ సెల్బోర్న్ వెలువరించిన ఆ తీర్పు సారాంశం ఇది: దావా నాటికి ఆ సంస్థానంలో నివసించని, ఆ కోర్టుకు లోబడని మనిషిపై సొమ్ము నిమిత్తం ఇచ్చిన డిక్రీ సంస్థానం పొలిమేర దాటితే చెల్లదు. ఒకప్పుడు అక్కడ కొలువు చేసినంత మాత్రాన వెళ్ళిపోయిన తరువాత కూడ ఆ కోర్టుకు కట్టుబడి ఉన్నట్లు కాదు.

ఈ తీర్పు చదివి గుండెమీద చేయి వేసుకొని నిద్రపోదామనుకొనేవారు మరొక కాగితం చదువవలసి ఉన్నది. బ్యాంకు అప్పుపత్రాలలో, ఎవరూ చదువని సన్నని అక్షరాలలో, ఫలానా కోర్టు అధికారానికి లోబడుతున్నానన్న షరతు తరచుగా ఉంటుంది. సర్దారు అటువంటి షరతుమీద సంతకం చేయలేదు.

పైగా 2020 జనవరిలో పరిస్థితి బాగా మారినది. మన సివిల్ ప్రొసీజర్ కోడులోని 44-ఏ సెక్షను క్రింద భారత ప్రభుత్వం యు.ఏ.ఇ.ని పరస్పర గుర్తింపు గల దేశంగా ప్రకటించినది. అంతకుముందు అక్కడి డిక్రీ తెచ్చినవాడు దాని ఆధారంగా ఇక్కడ క్రొత్తగా దావా వేయవలసి వచ్చేది. ఇప్పుడు దుబాయి కోర్టు డిక్రీని తిన్నగా కరీంనగరు జిల్లా కోర్టులో దాఖలు చేసి, ఆ కోర్టే ఇచ్చిన డిక్రీవలె అమలు కోరవచ్చును. బ్రిటన్‌కు ఈ హోదా 1953 నుండి ఉన్నది. అమెరికాకు లేదు, అక్కడి బాకీదారుని వెంబడించేవాడు ఇక్కడ వేరే దావా వేసుకోవలసినదే.

ఇంతకూ డిక్రీ రావడం వేరు, డిక్రీ చెల్లడం వేరు. అదే కోడులోని 13వ సెక్షను కొన్ని తలుపులు తెరచి ఉంచినది. తీర్పు గుణదోష విచారణ లేకుండా ఇచ్చినదైతే, సహజ న్యాయానికి విరుద్ధమైతే, మోసంతో సంపాదించినదైతే మన కోర్టు దానిని అమలు జరుపనవసరం లేదు. ప్రతివాది రాలేదన్న ఒక్క కారణంతో, సాక్ష్యం పరిశీలించక ఇచ్చిన ఎక్స్‌పార్టీ తీర్పు గుణదోషాలపై ఇచ్చినది కాదని సుప్రీంకోర్టు 2001లో చెప్పినది. అయితే సమను వచ్చినప్పుడు దానిని చించివేయడం తెలివి అనుకోరాదు. సమను అందిన తేదీ, కవరు, అన్నీ రేపు సాక్ష్యాలే. టెలిఫోనులో వచ్చిన కేకకు, కోర్టునుండి వచ్చిన కాగితానికి ఒకే భయం చూపేవారు ఎక్కువగా మొదటిదానికి సొమ్ము కట్టి, రెండవదాన్ని అటకమీద పడవేస్తున్నారు. దానికి వ్యతిరేకంగా చేయవలసి ఉండగా!

కాలదోషమన్నది కూడ ఒకటి ఉన్నది. మన చట్టం ప్రకారం సామాన్యమైన అప్పుకు గడువు మూడేండ్లు. ఇతర దేశాల గడువులు వేరు. ఏజెంటు అరచి అలసిన తరువాత హఠాత్తుగా మెత్తబడి, “పోనీ, సద్భావంగా ఒక వెయ్యి కట్టండి, ఫైలు మూయిస్తాను” అనడంలోని మర్మం ఇక్కడే ఉన్నది. గడువు తీరకముందు బాకీలో కొంత కట్టి, ఆ చెల్లింపు కట్టినవాని వ్రాతలో గాని సంతకంతో గాని ఉంటే, మన చట్టం ఆనాటినుండి మళ్ళీ మొదటినుండి గడువు లెక్కిస్తుంది. బాకీ ఒప్పుకొంటూ సంతకం చేసిన ఉత్తరానికి కూడ అదే ఫలం. గడువు తీరిన బాకీ సైతం, తీరుస్తానని వ్రాసి సంతకం చేస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం క్రింద తిరిగి ప్రాణం పోసుకొంటుంది.

మరి చేయవలసినది ఏమి? ఉత్తరం వ్రాయడం, బాకీ ఒప్పుకోకుండా, లెక్క అడుగుతూ వ్రాయడం. అసలు ఎంత, ఏ తేదీది, వడ్డీ ఏ షరతు క్రింద వేసినారు, ఈ ఏజెంటుకు బ్యాంకు ఇచ్చిన అధికారపత్రం ఏది అని అడగవలె. అమెరికాలో 1977 నాటి చట్టం దీనిని హక్కుగా చేసినది. నోటీసు అందిన 30 రోజులలో బాకీ ఒప్పుకోనని వ్రాస్తే, రుజువు పంపేవరకు ఏజెంటు వసూలు ప్రయత్నం ఆపవలసినదే. టెక్సాసులో చదివి గుంటూరు తిరిగివచ్చినవానికి ఆసుపత్రి బిల్లుమీద నోటీసు వస్తే ఈ గడువు గుర్తుంచుకోవడం మంచిది. మన రిజర్వు బ్యాంకు 2022లో, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత బాకీదారులకు ఫోను చేయరాదనీ, బంధుమిత్రులను వేధించరాదనీ ఉత్తరువు చేసినది. కాని అది రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థలకు వర్తించే మాట. పరాయి దేశపు బ్యాంకు కుదుర్చుకొన్న ఏజెంటు బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షను క్రింద పోలీసు స్టేషనుకు పోవడమే మార్గం.

ఆ ఏజెంటు ముందుగా ఫోను చేసేది కుమారునికి కాదు, తండ్రికి. కుమారుడు వాదిస్తాడు, తండ్రి సిగ్గుపడతాడు. తండ్రి అప్పు కొడుకు తీర్చడం ధర్మమని మన పూర్వపు ధర్మశాస్త్రం చెప్పినది. దానిని ఆధారం చేసుకొని కొడుకుపై దావా వేసే హక్కును సైతం 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం, ఆ తరువాతి అప్పుల విషయంలో, తొలగించినది. కొడుకు అప్పు తండ్రి తీర్చవలెనని మాత్రం ఏనాటి శాస్త్రమూ శాసించలేదు. తండ్రి స్వయంగా పూచీ సంతకం చేసి ఉంటే తప్ప ఆయనకు ఆ బాకీతో సంబంధం లేదు. ఈ సంగతి తెలియక ఎకరమో అరెకరమో బేరం పెట్టడానికి సిద్ధపడే తండ్రులున్నారు. ఫోనులో మొదటి ప్రశ్న “మీరు ఆయన తండ్రిగారేనా?” అని వస్తుంది. అవునని చెప్పవచ్చును. తరువాత ఏమి అడిగినా, లెక్క కాగితం మీద వ్రాసి మా అబ్బాయికే పంపండి అని ఫోను పెట్టివేయడమే ఆయన పని.